మామూలు మనుషుల నాటకకర్త ఓడన్ ఫాన్ హోర్వాత్

వార్షికోత్సవ సంచికలో విదేశీ రచయితల గురించి రాయాలంటే మనకు వెంటనే గుర్తొచ్చే పేర్లు షేక్‌స్పియర్, టాల్‌స్టాయ్, గోర్కీ. గోర్కీ 'అమ్మ' నవల మన సీనియర్లు చేతులు మార్చుకుంటూ చదివిన పుస్తకం. జర్మన్ నాటకం అంటే బ్రెక్ట్ పేరు కొందరైనా విని ఉంటారు. ఈసారి మేము వాళ్లెవరినీ కాకుండా, మన వైపు పెద్దగా ఎవరూ ప్రస్తావించని ఒక జర్మన్ భాషా రచయితను పరిచయం చేయదలచుకున్నాం. ఆయన పేరు ఓడన్ ఫాన్ హోర్వాత్. 36 ఏళ్లు మాత్రమే బతికాడు. ఇరవైకి దగ్గరగా నాటకాలు, మూడు నవలలు రాశాడు.

ఈయననే ఎందుకు ఎంచుకున్నారని మిత్రులు అడగవచ్చు. మాకు మూడు కారణాలు కనిపించాయి. ఒకటి, ఆయన కూడా చిన్నతనంలో అమ్మానాన్నలకు దూరంగా వసతి పాఠశాలలో ఉండి చదువుకున్నాడు. రెండు, ఏ భాషలో గొప్ప రచయిత అయ్యాడో ఆ భాషను ఆలస్యంగా నేర్చుకున్నాడు. మూడు, పెద్ద పెద్ద వీరుల గురించి కాకుండా, ఒక లైసెన్సు కాగితం లేక, ఒక ఉద్యోగం పోయి బతుకు తలకిందులైన మనుషుల గురించి రాశాడు. ఈ మూడూ మనకు దగ్గరి విషయాలే.

ఊరూరా మారిన బాల్యం

హోర్వాత్ 1901 డిసెంబర్ 9న ఫియూమే రేవు పట్టణం పక్కనున్న సుషాక్‌లో పుట్టాడు. ఇప్పుడా ప్రాంతం క్రొయేషియా దేశంలో రియేకా నగరంలో భాగం. అప్పట్లో అది ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యం. తండ్రి ఆ సామ్రాజ్యపు దౌత్య ఉద్యోగి. బదిలీల ఉద్యోగం కాబట్టి ఏడాది తిరక్కుండానే కుటుంబం బెల్‌గ్రేడ్‌కు, తర్వాత బుడాపెస్ట్‌కు మారింది. 1909లో తండ్రిని జర్మనీలోని మ్యూనిక్‌కు పంపారు. పిల్లవాణ్ణి మాత్రం బుడాపెస్ట్‌లోనే చర్చి నడిపే ఒక వసతి పాఠశాలలో ఉంచారు. అక్కడ చదువంతా హంగేరియన్ భాషలో. మతబోధ కూడా గట్టిగానే ఉండేది. నాలుగేళ్ల తర్వాత, 1913లో, మ్యూనిక్‌లో అమ్మానాన్నల దగ్గరికి చేరాడు.

తర్వాత కూడా చదువు ఒకచోట సాగలేదు. ప్రెస్‌బర్గ్ (నేటి బ్రాటిస్లావా), మళ్లీ బుడాపెస్ట్, చివరికి వియన్నా. 1919లో వియన్నాలో పాఠశాల చదువు ముగించాడు. తన బడి చదువులో బోధనా భాష నాలుగుసార్లు మారిందనీ, దాదాపు ఒక్కో తరగతి ఒక్కో ఊళ్లో చదివాననీ, దానివల్ల ఏ భాషా పూర్తిగా పట్టుబడలేదనీ ఆయనే చెప్పుకున్నాడు. జర్మన్‌లో మొదటి వాక్యం రాసింది పద్నాలుగేళ్ల వయసులోనట. అలాంటి కుర్రవాడు పదహారేళ్లు తిరిగేసరికి జర్మన్ సాహిత్యంలో ఆ రోజుల్లో అత్యున్నతమనదగ్గ క్లైస్ట్ బహుమతి అందుకున్నాడు.

ఏ దేశం వాడివని అడిగితే, తనలో హంగరీ, క్రొయేషియా, జర్మనీ, చెక్ రక్తాలు కలిసి ఉన్నాయని, తనకు సొంత ఊరు అంటూ లేదని చెప్పేవాడు. సొంత ఊరు లేకపోవడాన్ని ఆయన బాధగా చెప్పుకోలేదు. దానివల్ల ఊరి మీద వెర్రి మమకారం, తన జాతే గొప్పదన్న భ్రమ తనకు అంటలేదని అనుకున్నాడు. ఆ భ్రమే కొద్దికాలంలో యూరప్‌ను తగలబెట్టింది.

కొండ మీద కూలీలు

1919లో మ్యూనిక్ విశ్వవిద్యాలయంలో చేరాడు కానీ పట్టా పుచ్చుకోకుండానే 1922లో బయటికి వచ్చాడు. అదే ఏడాది 'నృత్యాల పుస్తకం' అనే తొలి రచన అచ్చయింది. తర్వాత అది ఆయనకే నచ్చలేదు. మిగిలిన ప్రతులన్నీ కొని నాశనం చేశాడు. తొలి పుస్తకం అచ్చయితే చాలనుకునే వయసులో ఇంత నిర్దాక్షిణ్యంగా తన రాతను తానే తూచుకోవడం మాకు ఆశ్చర్యం కలిగించింది.

తల్లిదండ్రులు బవేరియా కొండల దగ్గర ముర్నావ్ అనే ఊళ్లో ఇల్లు కట్టుకున్నారు. ఆ చుట్టుపక్కల జీవితాన్ని హోర్వాత్ దగ్గరగా చూశాడు. జర్మనీలో ఎత్తైన శిఖరం త్సుగ్‌ష్పిట్సె. దాని మీదికి తీగల రైలు మార్గం వేస్తున్నప్పుడు ప్రాణాలు పోగొట్టుకున్న కూలీల సంగతి ఆయన్ని కదిలించింది. 1927లో హాంబర్గ్‌లో ఆడిన నాటకం ఆ విషయం మీదే. దాన్నే తిరగరాసి 'కొండ రైలు' పేరుతో 1929లో బెర్లిన్‌లో ప్రదర్శించారు. మంచు పడకముందే పని పూర్తి కావాలని పైనుంచి ఒత్తిడి, వాతావరణం చెడినా దిగనివ్వని ఇంజనీరు, మధ్యలో నలిగిన కూలీలు. ఇదీ నాటకం. అదే సంవత్సరం ఉల్‌స్టైన్ అనే పెద్ద ప్రచురణ సంస్థ ఆయనతో ఒప్పందం చేసుకుంది. అప్పటినుంచి రాతే ఆయన బతుకుతెరువు అయింది. 1930లో తొలి నవల వచ్చింది. తన లాభం తప్ప ఇంకేమీ పట్టని చిన్న మనిషిని ఎగతాళి చేసే నవల అది.

బీరు తోటలో పేకాట

అప్పటికి హిట్లర్ పార్టీ జర్మనీలో బలపడుతోంది. 'ఇటాలియన్ రాత్రి' అనే నాటకంలో హోర్వాత్ ఒక చిన్న ఊరిని చూపించాడు. ప్రజాస్వామ్యాన్ని కాపాడతామనే పెద్దమనుషులు బీరు తోటలో దీపాలు కట్టి విందు చేసుకుంటుంటారు, పేకాడుకుంటుంటారు. బయట వీధిలో ఫాసిస్టులు కవాతు చేస్తుంటారు. ప్రమాదమేమీ లేదు, మనం ఉన్నాం కదా అని పెద్దమనుషులు ధీమాగా ఉంటారు. ఈ నాటకం 1931 మార్చి 20న బెర్లిన్‌లో మొదటిసారి ఆడారు. దానికి కొన్ని వారాల ముందే, ఫిబ్రవరిలో, ముర్నావ్‌లో ఒక హోటల్లో జరుగుతున్న సభ మీద నాజీలు పడి కుర్చీలతో, గ్లాసులతో కొట్లాటకు దిగారు. హోర్వాత్ అప్పుడు అక్కడే ఉన్నాడు. తర్వాత కోర్టుకు వెళ్లి తాను చూసింది చూసినట్టు సాక్ష్యం చెప్పాడు. నాజీలు దాన్ని మరిచిపోలేదు.

1931 ఆయన జీవితంలో పెద్ద సంవత్సరం. కార్ల్ త్సుక్‌మయర్ అనే ప్రసిద్ధ నాటకకర్త సూచన మీద ఎరిక్ రేగర్‌తో కలిపి ఆయనకు క్లైస్ట్ బహుమతి ఇచ్చారు. నవంబర్ 2న బెర్లిన్‌లోని డాయిచెస్ థియేటర్‌లో 'వియన్నా అడవి కథలు' నాటకం మొదలైంది. దర్శకుడు హైంజ్ హిల్పర్ట్. కరోలా నేహర్, పీటర్ లోరె వంటి పేరున్న నటులు అందులో వేశారు. 'వియన్నా అడవి కథలు' అన్నది నిజానికి అందరూ ఇష్టపడే ఒక వాల్ట్జ్ సంగీతం పేరు. ఆ తియ్యటి పేరు కింద హోర్వాత్ చెప్పిన కథ మాత్రం చేదుగా ఉంటుంది. బొమ్మల కొట్టు యజమాని కూతురు మరియానె. తండ్రి చూసిన కసాయి కొట్టు ఆస్కార్‌ను కాదని ఆల్‌ఫ్రెడ్ అనే జూదగాడితో వెళ్లిపోతుంది. బిడ్డ పుడతాడు, అతను వదిలేస్తాడు. పొట్టకూటి కోసం ఆమె సిగ్గు చంపుకుని ఒక వినోదశాలలో నిలబడాల్సి వస్తుంది. ఆల్‌ఫ్రెడ్ అమ్మమ్మ పసివాణ్ణి కావాలనే చలిగాలిలో పెట్టి చంపుతుంది. చివరికి మరియానె వద్దనుకున్న ఆస్కార్ చేతుల్లోకే తిరిగి వస్తుంది. ఈ కథలో విలన్ అని వేలెత్తి చూపగల రాక్షసుడు ఒక్కడూ లేడు. అందరూ మర్యాదస్తులే. అందరూ దేవుడి పేరు, కుటుంబం పేరు చెప్పేవాళ్లే. వాళ్లందరూ కలిసి ఒక అమ్మాయి బతుకును నలిపేస్తారు.

1932 నవంబర్‌లో లైప్‌జిగ్‌లో 'కాసిమిర్, కరోలీనె' ఆడారు. మ్యూనిక్‌లో ఏటా జరిగే బీరు తిరునాళ్లలో కథ నడుస్తుంది. కాసిమిర్ డ్రైవరు. ముందు రోజే ఉద్యోగం పోయింది. పెళ్లి చేసుకోవాల్సిన కరోలీనె తిరునాళ్లలో ఒక్క రాత్రి సరదాగా గడపాలని కోరుకుంటుంది. అంతే, అక్కడ మొదలైన మాటపట్టింపు ఇద్దరినీ విడదీస్తుంది. పైన ఆకాశంలో జెప్పెలిన్ విమానం వెళుతుంటే కింద జనం నోరు తెరిచి చూస్తుంటారు. ఆ ఏడాది మొదట్లో జర్మనీలో సుమారు 60 లక్షల మందికి పని లేదు. ఉద్యోగం పోతే జీతం మాత్రమే పోదు, ప్రేమ కూడా పోతుందని ఆ నాటకం చెబుతుంది.

నూట యాభై మార్కుల కాగితం

మా అందరికీ బాగా నచ్చిన నాటకం 'విశ్వాసం, ప్రేమ, ఆశ'. మ్యూనిక్‌లో కోర్టు వార్తలు రాసే లుకాస్ క్రిస్టల్ అనే విలేకరి ఆయనకు ఒక మాట చెప్పాడు. నాటకకర్తలు ఎప్పుడూ పెద్ద హత్యల గురించే రాస్తారు, కోర్టుల్లో రోజూ కనిపించే చిన్న చిన్న కేసుల గురించి ఎందుకు రాయరు అని. ఇద్దరూ కలిసి అలాంటి ఒక చిన్న కేసును నాటకంగా మలిచారు.

ఎలిజబెత్ అనే యువతి తిరిగి బట్టలు అమ్ముకుని బతుకుతుంది. అలా అమ్మాలంటే లైసెన్సు కావాలి. లైసెన్సుకు 150 మార్కులు కావాలి. లైసెన్సు లేకుండా ఒకసారి అమ్మినందుకు ఆమెకు 150 మార్కుల జరిమానా పడింది. జరిమానా కట్టాలంటే పని చేయాలి, పని చేయాలంటే లైసెన్సు కావాలి. ఈ చక్రంలోంచి బయటపడే దారి కనిపించక, తాను చనిపోయాక తన శవాన్ని తీసుకునే ఒప్పందం మీద ఇప్పుడే డబ్బు ఇస్తారేమోనని శరీరశాస్త్ర విభాగానికి వెళుతుంది. అక్కడ పనిచేసే ఒకాయన జాలిపడి అప్పు ఇస్తాడు. ఆమె తండ్రి కస్టమ్స్ అధికారి అని అతను అనుకున్నాడు. కాదని తెలియగానే మోసం చేసిందని కేసు పెడతాడు. ఆమె ఆ డబ్బు జరిమానాకు కట్టేసింది. పద్నాలుగు రోజుల జైలు. తర్వాత ఒక పోలీసు ఆమెను ప్రేమిస్తాడు. జైలు సంగతి తెలిసిన క్షణంలో తన ఉద్యోగానికి ముప్పని వదిలేస్తాడు. చివరికి ఆమె నీళ్లలో దూకుతుంది. బయటికి తీసి పోలీస్ స్టేషన్‌కు తెస్తారు. అక్కడే ప్రాణం పోతుంది.

ఈ కథలో ఎవరూ చట్టాన్ని తప్పలేదు. ప్రతి ఒక్కరూ తమ డ్యూటీ తాము చేశారు. ఆమె మాత్రం బతకలేదు. కుల ధ్రువీకరణ పత్రం కోసం, ఆదాయ ధ్రువీకరణ పత్రం కోసం అమ్మానాన్నల కూలి పోగొట్టి మండల ఆఫీసు చుట్టూ తిప్పిన మనకు, అడ్మిషన్ గడువు దాటిపోతుందేమోనని ఆ వరండాలో నిలబడి భయపడిన మనకు, ఎలిజబెత్ ఎవరో విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఈ నాటకాన్ని 1933లో బెర్లిన్‌లో ఆడాలనుకున్నారు. ఆ జనవరి 30న హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. నాటకం ఆగిపోయింది. 1936లో వియన్నాలో పేరు మార్చి ఆడారు.

అరువు మాటలు, మధ్యలో నిశ్శబ్దం

హోర్వాత్ నాటకాలు చదివేటప్పుడు రెండు సంగతులు గమనించాలి. మొదటిది, ఆయన పాత్రలు తమ సొంత మాట మాట్లాడవు. పేపర్లో చదివిన మాటలు, సామెతలు, పెద్దవాళ్ల దగ్గర విన్న గొప్ప గొప్ప పదాలు అరువు తెచ్చుకుని మాట్లాడతాయి. చదువుకున్నవాళ్లలా కనిపించాలన్న ఆరాటం. ఆ అరువు మాటలు వాళ్ల మనసును బయటపెట్టవు సరికదా, కప్పేస్తాయి. అందుకే తన నాటకాలను పల్లె యాసలో ఆడవద్దని, యాస మాట్లాడేవాళ్లు బలవంతాన పుస్తక భాష మాట్లాడుతున్నట్టు ఆడాలని 1932లో నటులకు సూచనలు రాశాడు.

రెండోది నిశ్శబ్దం. సంభాషణల మధ్య 'నిశ్శబ్దం' అని పదే పదే రాస్తాడు. మనిషి చెప్పే మాటకూ లోపలి మాటకూ పోరాటం జరిగే చోటు అదేనని ఆయన ఉద్దేశం. వార్షికోత్సవానికి నాటిక వేసేటప్పుడు డైలాగు గడగడా అప్పజెప్పడమే నటన అనుకునే మనం ఈ ఒక్క సూచన పాటించినా చాలు.

ఒక తప్పటడుగు

ఆయన జీవితంలో మెచ్చుకోదగ్గవి మాత్రమే రాస్తే అది నిజమైన పరిచయం కాదు. నాజీలు అధికారంలోకి రాగానే ముర్నావ్‌లోని ఇంటిని సోదా చేశారు. హోర్వాత్ ఆస్ట్రియా వెళ్లిపోయాడు. 1933 చివర్లో మరియా ఎల్స్‌నర్ అనే యూదు గాయనిని పెళ్లాడాడు. మరుసటి ఏడాదే విడాకులయ్యాయి. నాటకాలు ఆడేవాళ్లు లేరు, చేతిలో డబ్బు లేదు. 1934లో మళ్లీ బెర్లిన్ వెళ్లి, నాజీల పర్యవేక్షణలో ఉన్న రచయితల సంఘంలో చేరడానికి దరఖాస్తు పెట్టుకున్నాడు. మారుపేరుతో సినిమాలకు మాటలు రాశాడు. ఫాసిస్టులను ముందే పోల్చుకున్నవాడే వాళ్ల గుమ్మం ముందు నిలబడ్డాడు.

ఆకలి మనిషి చేత ఏం చేయిస్తుందో మనకు తెలుసు కాబట్టి మేము తీర్పు చెప్పబోవడం లేదు. ఆయన మాత్రం తనకు తాను తీర్పు చెప్పుకున్నాడు. 1935లో ఆ పని వదిలి ఆస్ట్రియాకు తిరిగి వచ్చాడు. వ్యాపారం కోసం రాసిన నాటకాలను తర్వాత తానే తప్పుపట్టుకున్నాడు. ఆ పశ్చాత్తాపం నుంచే ఆయన గొప్ప నవల పుట్టిందని మేము అనుకుంటున్నాం.

దేవుడు లేని యువత

ఆ నవల పేరు 'దేవుడు లేని యువత'. 1937లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అలెర్ట్ డి లాంగె అనే ప్రచురణ సంస్థ అచ్చువేసింది. నాజీల నుంచి పారిపోయిన జర్మన్ రచయితల పుస్తకాలు అచ్చువేసిన సంస్థల్లో అది ఒకటి. కథ చెప్పేది 34 ఏళ్ల ఒక ఉపాధ్యాయుడు. పిల్లలకు పేర్లు లేవు, ఎన్, జెడ్, టి అని అక్షరాలే. వలసలు మనకు ఎందుకు కావాలి అన్న అంశం మీద వ్యాసాలు దిద్దుతుంటాడు. నల్లజాతి వాళ్లంతా మోసగాళ్లు, సోమరులు అని ఒక పిల్లవాడు రాస్తాడు. ఎర్రసిరాతో కొట్టేయబోయి ఆగిపోతాడు. ఎందుకంటే ఆ మాట రేడియోలో వచ్చింది. రేడియోలో వచ్చిన మాటను టీచరు కొట్టేయకూడదు. కాపీలు తిరిగి ఇచ్చేటప్పుడు మాత్రం ఉండబట్టలేక, నల్లవాళ్లు కూడా మనుషులే కదా అంటాడు.

ఆ ఒక్క మాటకే గొడవ మొదలవుతుంది. ఆ పిల్లవాడి తండ్రి రొట్టెల కొట్టు యజమాని. దేశద్రోహం జరిగిందని బడి మీదికి వస్తాడు. ఈ టీచరు మాకు వద్దని పిల్లలు సంతకాలు చేసి ఇస్తారు. తర్వాత సైనిక శిక్షణ శిబిరం, ఒక దొంగచాటు పని, ఒక విద్యార్థి హత్య, కోర్టు విచారణ. శిబిరంలో ఒక పిల్లవాడి డైరీ పెట్టెను రహస్యంగా తెరిచింది తానేనని టీచరు కోర్టులో ఒప్పుకుంటాడు. ఉద్యోగం పోతుందని తెలిసే ఒప్పుకుంటాడు. ఆయన నిజం చెప్పగానే ఆ ధైర్యంతో ఇంకొకరు నిజం చెబుతారు. నిషేధించిన పుస్తకాలు రహస్యంగా చదివే నలుగురు పిల్లలు ఆయన వైపు వస్తారు. చివరికి ఆయన ఆఫ్రికాలోని ఒక మిషన్ స్కూల్లో పాఠాలు చెప్పడానికి బయలుదేరతాడు.

ఈ నవలకు ఒక ఏడాది ముందు, 1936లో, మన దేశంలో డాక్టర్ అంబేద్కర్ 'కుల నిర్మూలన' అచ్చువేశారు. ఒకరి రచన ఒకరు చూసిన దాఖలా ఏదీ లేదు. కానీ ఫలానా వాళ్లు కూడా మనుషులే అన్న మాట చెప్పడానికి ఆ రోజుల్లో రెండు చోట్లా ఎంత ధైర్యం కావలసి వచ్చిందో చూడండి. తరగతి గదిలో మన గురించి ఎవరో ఏదో అన్నప్పుడు ఆ ఒక్క మాట అనే టీచరు ఉన్నవాళ్లు అదృష్టవంతులు.

పారిస్‌లో కొమ్మ

నవల త్వరగానే అనేక భాషల్లోకి అనువాదమైంది. 1938లో నాజీ పోలీసులు దాన్ని నిషిద్ధ జాబితాలో చేర్చారు. మూడో నవల 'మన కాలపు బిడ్డ' కూడా 1938లోనే వచ్చింది. పని దొరకక, తిండి దొరుకుతుందని సైన్యంలో చేరి, చేయి పాడై, చివరికి మంచులో పార్కు బెంచీ మీద గడ్డకట్టిపోయిన కుర్రవాడి కథ అది.

1938 మార్చిలో హిట్లర్ ఆస్ట్రియాను ఆక్రమించాడు. హోర్వాత్ వియన్నా విడిచి బుడాపెస్ట్, ప్రేగ్, జ్యూరిక్, ఆమ్‌స్టర్‌డామ్ మీదుగా మే నెలాఖరుకు పారిస్ చేరాడు. 'దేవుడు లేని యువత'ను సినిమాగా తీసే విషయం దర్శకుడు రాబర్ట్ సియోడ్‌మాక్‌తో మాట్లాడడానికి వెళ్లాడు. జూన్ 1 సాయంత్రం షాంజెలీజే వీధిలో, మారిన్యీ థియేటర్ ఎదురుగా నడుస్తుండగా గాలివాన వచ్చింది. చెట్టు కొమ్మ విరిగి మీద పడింది. అక్కడికక్కడే చనిపోయాడు. సైన్యాల నుంచి తప్పించుకున్నవాణ్ణి ఒక చెట్టు కొమ్మ తీసుకుపోయింది. పారిస్ శివారులో సెంట్ ఊన్ శ్మశానంలో ఖననం చేశారు. ప్రవాసంలో ఉన్న రచయిత మిత్రులు వచ్చి సాగనంపారు. 1988లో అస్థికలను వియన్నాకు తరలించారు.

మళ్లీ వెలుగులోకి

యుద్ధం తర్వాత చాలాకాలం ఆయన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1960ల చివర్లో కొత్త తరం నాటకకర్తలు ఆయన్ని తిరిగి కనుగొన్నారు. పీటర్ హండ్కె 1968లో, బ్రెక్ట్ కంటే హోర్వాతే మేలని రాసి చర్చ లేపాడు. ఆ హండ్కెకే 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. బ్రెక్ట్ జవాబు చెబుతాడు, హోర్వాత్ మనుషుల్లోని గందరగోళాన్ని ఉన్నదున్నట్టు చూపిస్తాడు అన్నది ఆ వాదన సారం. బ్రెక్ట్‌ను తగ్గించనవసరం లేదు గానీ తేడా మాత్రం అదే. 1979లో మాక్సిమిలియన్ షెల్ 'వియన్నా అడవి కథలు' సినిమా తీశాడు. ఇంగ్లీషులోకి క్రిస్టఫర్ హాంప్టన్ అనువదించాడు. 'దేవుడు లేని యువత' జర్మన్ బడుల్లో పాఠ్యపుస్తకంగా చదువుతారు. 2017లో అది మరోసారి సినిమాగా కూడా వచ్చింది.

మిత్రులారా! భాష ఆలస్యంగా వచ్చిందని, ఇంగ్లీషు మీడియంలో తడబడుతున్నామని కుంగిపోయే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మేము చెప్పదలచింది ఒక్కటే. భాషల మధ్య నలిగిన కుర్రవాడికి, మాటలు మనుషులను ఎలా దాచేస్తాయో అందరికంటే బాగా వినపడింది. అతని లోటే అతని చెవిని పదును చేసింది. మనకూ అలాంటి చెవి ఉంది. ఆఫీసు భాష, బడి భాష, ఇంటి భాష వేరువేరని మనం చిన్నప్పుడే తెలుసుకున్నాం.

వచ్చే వార్షికోత్సవానికి ఎలిజబెత్ కథను మన మాటల్లో, మన ఊరి వరండాలో నిలబెట్టి ఇరవై నిమిషాల నాటికగా వేద్దామని మా ఆలోచన. పెద్ద సెట్టింగ్ అక్కర్లేదు. ఒక బల్ల, ఒక రిజిస్టరు, రేపు రమ్మని చెప్పే ఒక గుమాస్తా, చేతిలో కాగితాలతో ఒక అమ్మాయి ఉంటే చాలు. మధ్యలో నిశ్శబ్దం ఎక్కడ రావాలో మనకు ఎవరూ నేర్పక్కర్లేదు.